పన్నెండు వేలమంది పెళ్ళికాని అక్కచెల్లెళ్ళు

పోయినవారం మనం రేషన్ ఇన్‌స్పెక్టరు దామోదరంగారిని చింతమాకులపల్లె పొలిమేరలో, సైకిలు చైను ఊడిన చోట వదిలేసి ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఏడు రోజులుగా ఆయన అక్కడే వంగి చైను ఎక్కిస్తున్నారు. ఈలోగా మీరు భోజనాలు చేశారు, నిద్రలు పోయారు, కొందరు తిరుపతి వెళ్ళి గుండు కూడా కొట్టించుకొచ్చారు. ఆయన మాత్రం నడుము ఎత్తలేదు. ఈ ఉదయం పది గంటలకు చైను ఎక్కింది.

ఆయన మా ఇంటికి చేరేలోగా జరిగిన సంగతి గుర్తు చేస్తాను. యుద్ధం పుణ్యమా అని చక్కెర రేషన్లోకి పోయింది. మా పెరట్లో కానుగచెట్టు కింద ఒక తేనెపెట్టె ఉంది. అది మా తిన్నెగదిలో అద్దెకుండే ప్రేమానందం అయివారిది. ఆయన మిషన్ బళ్ళో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరై, పన్నెండేళ్ళుగా తేనెటీగల ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. శ్రావణంలో పూలుండవు. పూలు లేనన్నాళ్ళూ ఈగలకు చక్కెర నీళ్ళు పెట్టాలి. పెట్టకపోతే అవి పెట్టె ఖాళీ చేసి లేచిపోతాయి. రెండు పెట్టెలు అప్పుడే లేచిపోయాయి. మిగిలింది ఇదొక్కటే. రెండు వీశెల చక్కెర ఇప్పించమని అర్జీ రాసిపెట్టమని అయివారు నన్ను అడిగారు.

నేను అర్జీ రాయలేదు. అర్జీలో సరదా ఏముంది. కుటుంబ రేషన్ కార్డు ఫారం తెచ్చి, ఈగల సంసారం మొత్తం అందులో నింపాను. అయివారు పెట్టె మీంచి కన్ను తీయకుండా కింద సంతకం పెట్టారు. ఆఫీసు గుమాస్తా ఫారం వైపు కన్ను తిప్పకుండా ముద్ర వేశాడు. ఆ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో చెప్పను, వాళ్ళు నొచ్చుకుంటారు. పదో రోజుకు పన్నెండు వేలమంది సభ్యులున్న కార్డు మా ఇంటికి వచ్చింది. దాన్ని చూసిన రేషన్ అంగడి వరదయ్య తలుపుకు తాళం వేసి అత్తగారి ఊరు వెళ్ళిపోయాడు. ఇంకా రాలేదు.

తప్పుడు కార్డుకు ఆరు నెలల జైలు. రాత నాది, సంతకం అయివారిది. ఈ చిన్న సంగతి నాకు కార్డు వచ్చాకే తట్టింది.

సైకిలు మా గడప ముందు ఆగింది. దామోదరంగారు నల్లటి చేతులతో దిగారు. నలభై ఐదేళ్ళ మనిషి. చంకలో తోలుసంచీ. చట్టాన్ని ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టుండే ఖాకీ కోటు.

మా అత్త అక్కమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, చేతులు కడిగించి, మజ్జిగ ఇచ్చింది. మా నాయన రైల్వే గార్డు. నెలకొకసారి ఇంటికి వచ్చి, అది తన ఇల్లేనా అని నంబరు చూసుకుని లోపలికి వచ్చే మనిషి. నన్ను రెండేళ్ళప్పటి నుంచి సాకింది అత్తే. మా నాయనను సాకింది కూడా ఆమే. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. బిడ్డల్లేరు. చదువు రాదు. ఏ కాగితమైనా వేలిముద్రే.

"మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గినాదా నాయనా?" అని అడిగింది.

దామోదరంగారు మజ్జిగ గ్లాసు దించారు. "మా యమ్మ నీకెట్ల తెలుసు?"

"కార్వేటినగరంలో కిరసనాయిలు వరసలో కనపడతాది. మూడు మంగళవారాలు నా ముందే నిలబడింది. నీ ముక్కు అచ్చం ఆమెదే. పొందిగ్గా ఉండాది."

రేషన్ ఇన్‌స్పెక్టరు ముక్కును ఎవరైనా మెచ్చుకుంటే అది లంచం కిందికి వస్తుందో రాదో రూల్సులో ఉన్నట్టు లేదు. ఆయన కాసేపు ఆలోచించి, మజ్జిగ ఖర్చు కింద మూడు పైసలు తిన్నె మీద పెట్టి, సంచీలోంచి ఫారం తీశారు.

"ఈడ ప్రేమానందం అనేవారు ఎవరు?"

"నేనే సార్," అని అయివారు పెరట్లోంచి పరుగున వచ్చారు. ఆయన మొహం నిండా ఆనందం. రెండు వీశెల చక్కెర అర్జీ చూసి, శాస్త్రం మీద ప్రేమతో గవర్నమెంటు మనిషిని పంపిందని ఆయన అనుకుంటున్నారు.

"పన్నెండు వేలమంది మీ ఇంట్లో ఉండారా?"

"ఉండారు సార్. పోయిన నెల పద్నాలుగు వేలు. ఇప్పుడు కొంచెం తగ్గినారు."

దామోదరంగారు మా ఇంటిని ఒకసారి చూశారు. రెండు గదులు, ఒక వసారా. "నేను ఏదో మఠం అనుకున్నా," అన్నారు నెమ్మదిగా. "సరే. నేను చదువుతా. తప్పుంటే చెప్పండి. కుటుంబ పెద్ద పేరు: రాణి. వయసు: రెండేళ్ళు." ఆగారు. "రెండేళ్ళా?"

"రెండేళ్ళ మూడు నెలలు. మావాడు నెలలు వదిలేసినట్టుండాడు."

"వృత్తి: పిల్లల్ని కనడం."

"అంతే సార్. ఇంకో పని పెట్టుకోదు. రోజుకు ఐదారు వందలు."

దామోదరంగారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆయన చదువుతున్నారు కానీ గొంతు మాత్రం తన వెంట రావడం మానేసింది. "కూతుళ్ళు: పన్నెండు వేలు. అందరూ పెళ్ళికానివాళ్ళు. వృత్తి: ఇల్లు చిమ్మడం, చెల్లెళ్ళను సాకడం, వంటసరుకు తేవడం, కాపలా. కొడుకులు: రెండు వందలు. వృత్తి: ఏమీ లేదు. తండ్రి పేరు:" ఇక్కడ ఆయన ఫారాన్ని వెలుతురులోకి తిప్పారు. "తండ్రి పేరు: లేడు. అయివారూ, చనిపోయినాడా, ఇల్లు విడిచి పోయినాడా? గడిలో అది రాయాల."

"అసలు ఉండడు సార్. కూతుళ్ళకు ఉంటాడు, కొడుకులకు ఉండడు. కొడుక్కు తల్లి ఉంటుంది, తల్లి తండ్రి తాత ఉంటాడు, తండ్రి మాత్రం ఉండడు. శాస్త్రంలో రుజువైన సంగతే."

"ఇరవై రెండేళ్ళ సర్వీసులో," అన్నారు దామోదరంగారు, "తాత ఉండి తండ్రి లేని కాగితం నేను చూళ్ళేదు. ఆ రెండు వందల మందిని పిలవండి."

"వాళ్ళిప్పుడు లేరు సార్. కరువు రాగానే ఆడవాళ్ళంతా కలిసి బయటికి గెంటేసినారు. పనీ పాటా లేని మగవాళ్ళకు కూర్చోబెట్టి తిండి పెట్టడానికి ఇష్టపడరు."

మా అత్త నా వైపు చూసింది. నేను ఇంటర్మీడియట్ రెండోసారి తప్పి ఇంట్లో కూర్చున్న సంగతి ఈ కథ మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళకు ఆ చూపు చెప్పింది.

"మిగతా పన్నెండు వేలమందిని వరసగా నిలబెట్టండి," అన్నారు దామోదరంగారు, పెన్సిలు చెక్కుకుంటూ. "పేరు పిలుస్తా. పలికినవాళ్ళకు టిక్కు పెడతా. సాయంత్రందాకా పట్టినా సరే."

అయివారు ఆయన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయారు. కానుగచెట్టు కింద ఆగి, పెట్టె మూత ఎత్తి, ఒక చట్రాన్ని పైకి తీసి పట్టుకున్నారు. ఈగలు దానికి రెండు వైపులా గోధుమరంగు కంబళిలా వేలాడుతున్నాయి.

దామోదరంగారు చూశారు. ఫారం చూశారు. మళ్ళీ పెట్టె చూశారు. అటుగా పోతున్న మా కోడిపెట్ట కూడా ఆగి ఆయన్నే చూసింది.

"ఈగలు," అన్నారాయన.

"తేనెటీగలు సార్."

"ఈగలకు రేషన్ కార్డు తీసుకున్నారు."

అప్పుడు అయివారి మొహం మారింది. కార్డు అన్న మాట ఆయన మొదటిసారి విన్నది అప్పుడే. ఫారం అందుకుని, కళ్ళజోడు నుదుటి మీంచి దించి, మొదటినుంచి చివరిదాకా చదివారు. కింద తన సంతకం చూసుకున్నారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదేమో. ఫారం మడిచి దామోదరంగారికి తిరిగి ఇచ్చి, "వివరాలన్నీ నిజమే సార్," అన్నారు.

"చక్కెర కావాల్నంటే మాకేం పని? బెల్లం పెట్టండి. ఈ తాలూకాలో బెల్లానికేం తక్కువ?"

"బెల్లం పడదు సార్. విరేచనాలు అయితాయి."

దామోదరంగారు ఏదో అనబోయి, పన్నెండు వేలకు విరేచనాలు అన్న మాట మనసులో మెదిలి కాబోలు, మానుకున్నారు. ఎందుకో చట్రం దగ్గరికి ఇంకాస్త వంగారు. ఒక ఈగ ఇంకో ఈగ మూతిలో మూతి పెట్టింది. ఆ రెండోది మూడోదానికి పెట్టింది.

"ఏం చేస్తా ఉండాయి?"

"ఉన్నది పంచుకుంటా ఉండాయి. ఒకదానికి ఒక చుక్క దొరికితే అది మూతి నుంచి మూతికి పోతానే ఉంటుంది. తిన్నదీ తిననిదీ అనే తేడా లేదు. ఆకలి కూడా అందరికీ ఒకే పాళ్ళు. చచ్చే రోజొస్తే అన్నీ ఒక్కరోజే చస్తాయి. దాచుకునేది ఒక్కటి కూడా ఉండదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"వరస లేదా? తోసుకోవడం? దొంగకార్డు?"

"లేదు సార్."

దామోదరంగారి మొహంలో ఒక వింత నీడ కదిలింది. పగలంతా చచ్చినవాళ్ళ పేర్ల మీద కిరసనాయిలు తీసుకునేవాళ్ళను పట్టుకుని, రాత్రి కలలో కూడా వాళ్ళనే పట్టుకునే మనిషి. అలాంటి మనిషికి ఆ పెట్టె ఎలా కనిపించిందో నాకు తెలియదు. ఆయన ఇంకా వంగారు. ముక్కు చట్రానికి బెత్తెడు దూరంలోకి వచ్చింది. సైకిలు చైను నూనె వాసన తగిలి, పెట్టె గడప దగ్గర కాపలా కాసే ఈగ ఒకటి లేచి, ఆ పొందికైన ముక్కు మీద సరిగ్గా మధ్యలో కుట్టింది.

ఆయన అరవలేదు. గవర్నమెంటు డ్యూటీలో ఉన్నారు. కళ్ళలో నీళ్ళు మాత్రం డ్యూటీ దిగాయి. కుట్టిన ఈగ గిరగిరా తిరిగి ఫారం మీద పడింది. ఒక గడిలోంచి ఇంకో గడిలోకి పాకింది. వృత్తి అన్న గడిలో, కాపలా అన్న మాట పక్కన, ఆగిపోయింది.

"ఏమైంది దీనికి?"

"చచ్చిపోయింది సార్. ముల్లు మీ ముక్కులో ఉండాది, ముల్లుతోపాటు దాని పేగు కూడా. ఒక్కసారి కుడితే ఇంక బతకదు."

"ఆ సంగతి దానికి తెలీదా?"

అయివారు పీట మీద కూర్చున్నారు. "అదే సార్ నా పన్నెండేళ్ళ ముడి. దీనికి బిడ్డల్లేవు. ఏ గుణమైనా తల్లినుంచి బిడ్డకు రావాల. ఇంటికోసం చచ్చే గుణం ఉన్నదానికి బిడ్డలే లేకపోతే ఆ గుణం ఎవరికి పోవాల? మొదటి తరంతోనే అయిపోవాల. తమకోసం దాచుకునే ఈగలే మిగలాల. కానీ సూడండి, లక్షల ఏళ్ళుగా ఇట్లాంటివే పుడతా ఉండాయి. ఎట్ల? సీమ దొరల పుస్తకాలు తెప్పించినా. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. నాకు ఎక్కలా."

అత్త తులసాకు నూరి తెచ్చి దామోదరంగారి ముక్కుకు పూస్తోంది. ముక్కు అప్పటికే లేచింది. నిమిషానికి ఒక సైజు చొప్పున పెరిగి, మా వంశపు ముక్కును అందుకోడానికి వస్తోంది. మా ముక్కు గురించి చెప్పాలంటే, మా తాత పుత్తూరులో రైలు ఎక్కుతుంటే ముక్కుకు అరటిక్కెట్టు కొట్టారు. అదే మా నాయనకు వచ్చింది. అదే నాకూ వచ్చింది. పోయిన మంగళవారం కిరసనాయిలు వరసలో అత్తకు తోడు నిలబడితే, ముందున్న ముసలామె పక్కనుంచి ఒక అమ్మాయి వెనక్కి తిరిగి, నా ముక్కు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, డబ్బా నిండేదాకా నవ్వింది.

"ఇందులో ముడి ఏముండాది అయివారూ?" అంది అత్త, పసరు పూస్తూనే.

"ఏమమ్మా?"

"మా నాయన ముక్కు నాకు వచ్చింది. మా తమ్ముడికీ వచ్చింది. నాకు బిడ్డల్లేరు. అంటే ముక్కు నాతో పోవాల. పోయిందా? అద్దో, సూడు." పసరు అంటిన వేలితో నన్ను చూపించింది. "మాయమ్మ పోయినప్పుడు నా తమ్ముడికి మూడేళ్ళు. నేను సాకినా. వాడు బతికినాడు, వాడితో ముక్కు బతికింది. వీడమ్మ పోయినప్పుడు వీణ్ణి సాకినా. నా బిడ్డ కాకపోతే ఏం, ముక్కు మాదే గదా."

అయివారు పీట అంచుకు జరిగారు.

"ఒట్టి ముక్కేనా," అంది అత్త. "ఒకరికోసం కష్టపడే గుణం గూడా మా నాయనదే. నాలోనూ ఉండాది, నా తమ్ముడిలోనూ ఉండాది. వాడికి దాంతో పని పడలా, నాకు పడింది. నేను వాడకంలో పెడితిని, వాడు బిడ్డకు ఇచ్చె. నా గుణం నా కడుపునే పుట్టాలని యాడుండాది? నా తోడబుట్టినవాడి ఇంట పుట్టినా అది నాదే. మీ ఈగలు గూడా అక్కచెల్లెళ్ళే గదా. అమ్మను సాకితే ఇంకో రాణిని కంటాది. ఆ రాణిలో వీళ్ళ గుణమే ఉంటాది."

"పక్కింటి గోవిందయ్య కొడుకునైతే ఇట్లే సాకుతావా అమ్మా?" అని అడిగారు అయివారు.

"ఒకపూట అన్నం పెడతా. సాకను."

అయివారు లేచి, నోటుపుస్తకం కోసం తడుముకుని, అది చంకలోనే ఉందని కనిపెట్టడానికి చాలా సేపు తీసుకున్నారు. "వేరే పెట్టె ఈగ వస్తే ఇవి గడపలోనే కొరికి తరుముతాయి," అని తనలో తాను అనుకున్నారు. తర్వాత అత్త వైపు తిరిగి, "పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉండాను. ఒక్కసారైనా చెప్పలేదే," అన్నారు.

"మీరు ఈగల్నే అడిగినారు. నన్ను అడగలా."

దామోదరంగారు ముక్కు పట్టుకుని నిలబడి ఇదంతా విన్నారు. చచ్చిన ఈగను ఫారం మీంచి విదల్చకుండా, రెండు వేళ్ళతో తీసి కానుగ మొదట్లో పెట్టారు. ఆ కాసేపు ఆయన్ను చూసి నేను గండం గడిచిందనుకున్నాను. కానీ చట్టాలకు జాలి కలిగితే అవి గొంతు సవరించుకుంటాయి. ఆయన గొంతు సవరించుకున్నారు.

"బాగుండాది. అయినా ఇది తప్పుడు కార్డే. కార్డు రద్దు చేస్తా ఉండా. కేసు రాయాల. సంతకం అయివారిది. అయివారూ, గుడ్డలు సర్దుకోండి."

అయివారు నోటుపుస్తకం మూసి, "పెట్టెకు సాయంత్రం నీళ్ళు ఎవరు పెడతారో," అన్నారు. అంతే.

ఇప్పుడు నా గురించి ఒక మాట. నేను చింతమాకులపల్లె బడిగంటను బావిలో వేసినవాణ్ణి. తాలూకా దొరగారు వస్తున్నారని పుకారు పుట్టించి ఊరంతా వీధులు ఊడ్పించినవాణ్ణి. వీటిలో ఒక్కటీ నేను ఒప్పుకోలేదు. ఒప్పుకునే గుణం మా తాత ఇచ్చినట్టు లేదు. కానీ అయివారు గదిలోకి పోయి, ఉన్న రెండు పంచెల్లో చిరిగినదాన్ని సంచీలో పెట్టి, బాగున్నదాన్ని తేనెపెట్టె మీద ఎండ పడకుండా కప్పుతుంటే, నా నోరు నన్ను అడక్కుండా తెరుచుకుంది.

"ఫారం రాసింది నేను. ఆయన చదవకుండా సంతకం పెట్టినారు."

"లేదు సార్, నేను చెప్పినట్టే వాడు రాసినాడు," అన్నారు అయివారు.

"వాడికి అంత తెలివి యాడిది నాయనా. నేను రాసినా," అంది అత్త.

దామోదరంగారు ముగ్గుర్నీ చూశారు. ఒక నేరం, ముగ్గురు నేరస్తులు. మామూలుగా ఆయనకు ఒక నేరానికి ఒక నేరస్తుణ్ణి తేవడానికే తాతలు దిగివస్తారు. "నీ ముక్కువాడి కోసం నువ్వు చెప్తా ఉండావు, సరే," అన్నారు అత్తతో. "ఈ అయివారికి మీ ముక్కు లేదే. ఈయనెందుకు జైలుకు పోతానంటాడు?"

అందరం అయివారి వైపు తిరిగాం. ఆయన నోటుపుస్తకం మళ్ళీ తెరిచి, మూశారు.

"దానికి నాకు ఇంకో పన్నెండేళ్ళు పడుతుంది సార్," అన్నారు.

"అదంతా వద్దు. రాత చూస్తే తేలిపోతాది." దామోదరంగారు సంచీలోంచి తెల్లకాగితం, సిరాబుడ్డి, కలం తీసి తిన్నె మీద పెట్టారు. "ముగ్గురూ ఒకే మాట రాయండి. కుటుంబ పెద్ద పేరు రాణి, అని."

అయివారి రాత పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు, బోర్డు మీద రాసి అలవాటైన చెయ్యి. ఫారంతో పోలికే లేదు. నేను రాశాను. నా అక్షరాలన్నీ పుత్తూరు రైలు తప్పిపోతుందేమోనని పరిగెత్తుతున్నట్టు కుడివైపుకు వాలి ఉంటాయి. ఫారంలోనూ అలాగే పరిగెత్తుతున్నాయి. దామోదరంగారు తల ఊపి, జేబులోంచి కేసు పుస్తకం తీశారు.

"నా వంతు ఉండాది గదా," అంది అత్త.

"అత్తా, గమ్మునుండు. నీకు రాయను రాదు."

అత్త కలం తీసుకుంది. సిరాలో ముంచి, బుడ్డి అంచుకు ఒత్తి, కాగితం మీద వంగింది. కుటుంబ పెద్ద పేరు రాణి. అక్షరాలు కుడివైపుకు వాలి, నా అక్షరాల వెనకే, అదే రైలు కోసం పరిగెత్తుతున్నాయి.

నా కాళ్ళకింద తిన్నె ఉందో లేదో చూసుకున్నాను.

"నువ్వు అఆలు దిద్దేటప్పుడు పలక ఎవురు పట్టుకోనున్నారబ్బోడా?" అంది. "నువ్వు నిద్రపోయినాక నీ రాత మీదే నేను దిద్దుకుంటిని."

"మరి ఇన్నేళ్ళూ వేలిముద్ర?"

"సంతకం వచ్చని తెలిస్తే ఊళ్ళో ప్రతి కాగితమూ నా నెత్తినే వేస్తారు."

నాకు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. ఇంటర్మీడియట్ తప్పిన కాగితం ఆమె ముందు పెట్టి, క్లాసులో ఫస్టు అని బిగ్గరగా చదివిన రోజు. ఆమె కాగితం తిరగేసి చూసి, బాగుండాదని చెప్పి, సేమ్యా పాయసం చేసింది. రెండోసారి తప్పినప్పుడు కూడా చేసింది. రెండోసారి జీడిపప్పు వేయలేదు. ఎందుకు వేయలేదో నాకు ఇప్పుడు అర్థమైంది.

"ఇద్దరి రాతా ఒకటే," అన్నారు దామోదరంగారు. ఆయన గొంతులో అలసట వినిపించింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు సంచీలో చెయ్యి పెట్టి ఒక కవరు తీశారు. అంటించిన కవరు, విప్పలేదు. పైన ఆయన పేరు, అదే పరిగెత్తే అక్షరాల్లో. "నిన్న ఆఫీసుకు వచ్చింది. రాత చూసి ఈ దొంగదే అనుకున్నా. సాక్షుల ముందర విప్పుదామని అట్లే పెట్టుకున్నా. ఇది ఎవరు రాసినారు?"

"నేను కాదు," అన్నాను. ఇరవై ఒక్కేళ్ళ జీవితంలో ఆ మాట నిజంగా చెప్పడం అదే మొదటిసారి. ఎవరూ నమ్మలేదు.

"అది నేను రాసినా," అంది అత్త. "విప్పు నాయనా. ఈగల చక్కెర అందులోనే ఉండాది."

దామోదరంగారు కవరు చించారు. లోపల అచ్చు ఫారం. పెళ్ళిళ్ళకు ప్రత్యేకంగా ఇచ్చే చక్కెర పర్మిట్టుది.

"పది వీశెలు ఇస్తారు గదా పెళ్ళికి," అంది అత్త. "పెళ్ళి బెల్లంతోనే చేస్తాం. మనుషులకు బెల్లం పడతాది. చక్కెర పెట్టెకు పోతాది. ఇందులో అబద్ధం ఒక్క గడిలో గూడా లేదు."

"పెళ్ళి ఎవరికి అత్తా?" అన్నాను.

ఆమె గడ్డంతో ఫారాన్ని చూపించింది. దామోదరంగారు పైకి చదివారు.

"వరుడి పేరు: జయరామ్. వయసు: ఇరవై ఒకటి. వృత్తి: ఏమీ లేదు."

ఫారాలు నింపడంలో కూడా ఆమె నా దగ్గరే నేర్చుకుందని తేలింది. అయివారు నా భుజం తట్టారు. అది పెళ్ళికో, వృత్తికో తెలియలేదు.

"మా వంశంలో ఆ ముక్కు ఇంక చాలు నాయనా," అంది అత్త, ఎవరితోనో ఎందుకో క్షమాపణ చెబుతున్నట్టు. "మూడు తరాలు మోసినాం. వచ్చే బిడ్డకైనా పొందికైన ముక్కు ఉండాల."

"వధువు పేరు: పంకజాక్షి," అని చదివారు దామోదరంగారు. "వయసు: పద్దెనిమిది. ఊరు: కార్వేటినగరం. తండ్రి పేరు:"

అక్కడ ఆగారు.

పెరట్లో పన్నెండు వేలమంది ఒకేసారి ఊపిరి బిగబట్టారని చెబితే మీరు నమ్మరు. కాబట్టి చెప్పను. కోడిపెట్ట మాత్రం మళ్ళీ వచ్చి నిలబడింది.

"సదువు నాయనా," అంది అత్త. "వృత్తి గడి గూడా సదువు, ఇన్‌స్పెక్టరు అని సక్కగా రాసినా. కింద మీ అమ్మ యాలిముద్ర ఉండాది. దాని పక్కన పిల్ల సంతకం. వరసలో నిలబడి, డబ్బా మీద కాగితం పెట్టుకోని, అదే అడిగి పెట్టింది. నవ్వుతానే పెట్టింది."

దామోదరంగారి కుడిచేతిలో పర్మిట్టు, ఎడమచేతిలో కేసు పుస్తకం, మధ్యలో మూత తీసిన కలం. ఆయన రెంటిలో దేని మీదా రాయలేదు. కాగితం మీంచి నెమ్మదిగా తల ఎత్తి, వాచిన తన ముక్కును ఒకసారి తడుముకుని, మా ఇంటికి వచ్చాక మొదటిసారి, నా ముక్కు కేసి చూశారు.